బార్బరుగారి కాలర్ బోను కేసు

ఆ ఉదయం బార్బరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లాయరుగారి తల పూర్తి చెయ్యాలి, టీ తాగాలి, ఎదురు సెలూన్లోకి ఎవరెవరు వెళ్తున్నారో చూసి కడుపు మండించుకోవాలి. కొత్తగా తెరిచిన ఆ సెలూన్లో ఏసీ ఉంది. తన షాపు కొన్నాళ్లు మూతపడిందంటే వీధిలోని తలలన్నీ అటు తిరుగుతాయి, మళ్లీ ఇటు రావు. ఆ భయంతో ఆయన జ్వరమొచ్చినా సెలవు పెట్టేవాడు కాదు.

ఆత్రం ఆగక, లాయరుగారి తల కుడిపక్క పూర్తవగానే "ఒక్క నిమిషం సార్" అని రోడ్డు మీదకు వెళ్లి మెడ సాచాడు. ఆ వీధి ఏటవాలు. పైనుంచి ఒక స్కూటరు, మనిషన్నవాడు లేకుండా, చప్పుడు చెయ్యకుండా దొర్లుకుంటూ వచ్చి ఆయన వీపును గుద్దింది. ఆయన భుజం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. మెడకీ భుజానికీ మధ్య ఏదో పుటుక్కుమంది.

"అమ్మో! చచ్చాన్రోయ్!"

లాయరుగారు మెడకు చుట్టిన గుడ్డతోనే పరుగెత్తుకొచ్చారు. కళ్లజోడు అద్దం ముందే ఉండిపోయింది. "గుద్దినవాణ్ణి కళ్లారా చూశాను! పొడుగ్గా, నల్లగా, ఎలా నిలబడ్డాడో చూడండి, సిగ్గులేని వెధవ!" అన్నారు. ఆయన వేలు చూపించిన చోట కరెంటు స్తంభం ఉంది.

ఈలోగా జనం స్కూటరును లేపి గోడవార నిలబెట్టారు. లాయరుగారు కళ్లజోడు తెచ్చుకుని చుట్టూ చూశారు. "నా బండి పైన పెట్టినట్టు గుర్తే! ఎవరు జరిపారో" అని విసుక్కుంటూ, దాని మీదే బార్బరును ఎక్కించుకుని ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు.

"కాలర్ బోను విరిగింది. ఆరు వారాలు చెయ్యి ఎత్తకూడదు" అన్నాడు డాక్టరు, చేతిని గుడ్డతో మెడకు వేలాడదీస్తూ.

బార్బరు భోరుమన్నాడు. "ఎముక పోతే పోనివ్వండి సార్, నా షాపు పోతుంది!"

"నేనుండగానా? ఆ స్కూటరు ఓనరు చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తాను" అన్నారు లాయరుగారు.

తిరుగుదారిలో మిగిలిన సగం తల కోసం ఆయన ఎదురు సెలూన్లోకి వెళ్లారు. "ఒకరు మొదలెట్టిన తలని ఇంకొకరు ముట్టుకోం సార్, మా వృత్తిలో అది మర్యాద కాదు" అని వాళ్లు దణ్ణం పెట్టేశారు. ఎడమపక్క అడవితోనే ఆయన కోర్టుకు వెళ్లారు.

స్కూటరు నంబరు ఆ వీధిలోని ఇస్త్రీ బండి ఆవిడ చెప్పింది. దాన్ని లాయరుగారే నడుపుకుంటూ పోవడం ఆవిడ చూసింది గానీ, సాక్ష్యం కింద పట్టుకుపోతున్నారనుకుంది. నంబరును బట్టి ఓనరెవరో లాయరుగారి క్లర్కు కనుక్కున్నాడు. పేరు చూసి ఉలిక్కిపడ్డాడు.

"సార్, ఈ ఓనరు..."

"ఎవరైతే నాకేంటయ్యా? చెప్పింది టైపు చెయ్యి. సొంత తెలివి వాడకని ఎన్నిసార్లు చెప్పాలి?"

క్లర్కు వాడలేదు. లాయరుగారు నోటీసు మీద చదవకుండా సంతకం పెట్టారు.

రెండ్రోజులకు ఇంట్లో ఆయన భార్య కాగితం పట్టుకుని వచ్చింది. "ఏవండీ, నేను కష్టజీవి పొట్టకొట్టిన కఠినాత్మురాలినట."

"ఎవడా కూతలు కూసింది?"

"కింద సంతకం మీదేనండీ. బండి నా పేరు మీద కొన్నారుగా."

ఆవిడ అరవలేదు. అందుకే లాయరుగారు బాగా భయపడ్డారు. ఆవిడ ఆయన్ని వెంటబెట్టుకుని నేరుగా బార్బరు షాపుకు వెళ్లింది.

"అన్నయ్యా, బండి నాది. స్టాండు సరిగ్గా వెయ్యనిది ఈయన. మీ చెయ్యి బాగయ్యేదాకా మీ కుడిచెయ్యి ఈయనే. పని చెప్పండి."

బార్బరు లాయరుగారిని అద్దం ముందు కూర్చోబెట్టి కత్తెర చేతికిచ్చాడు. "ముందు మీ తల మీదే చూద్దాం సార్. దువ్వెన పైకి లేపండి... ఇంకొంచెం... చెవి సార్, చెవి!"

అరగంటకు రెండు పక్కలూ దాదాపు ఒకేలా వచ్చాయి. "చెయ్యి పర్లేదమ్మా" అని బార్బరు మనసు రాయి చేసుకుని ఒప్పుకున్నాడు.

మొదట వచ్చినాయన బార్బరును పరామర్శించడానికి వచ్చి, మొహమాటానికి కుర్చీలో కూర్చున్నాడు. కత్తిరిస్తూనే లాయరుగారు ఆయన ప్రహరీగోడ తగాదాకు పైసా తీసుకోకుండా సలహా చెప్పారు. మర్నాడు ఆయన తన తమ్ముణ్ణి పంపాడు, తమ్ముడు అద్దెకున్నవాణ్ణి పంపాడు. వారం తిరక్కుండా ఏసీ సెలూన్ ఖాతాదార్లు కూడా చెమటలు కక్కుకుంటూ ఇక్కడే బల్ల మీద కూర్చున్నారు. లాయరుగారికీ ప్రాణం లేచొచ్చింది. కోర్టులో జడ్జిగారు మాటమాటకూ అడ్డం తగులుతారు. ఇక్కడ చెవి దగ్గర కత్తెర ఆడుతున్నంతసేపూ ఎవరూ కిక్కురుమనరు.

ఆరు వారాలకు కట్టు విప్పారు. బార్బరు భుజం తిప్పి చూసుకుని, దేవుడికో దణ్ణం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా పొంగిపోతూ షాపుకొచ్చి కత్తెర తీశాడు.

"రండి, ఎవరు ముందు?"

బల్ల మీద నుంచి ఒక్కరూ లేవలేదు. "మేం లాయరుగారి కోసం వచ్చాం" అన్నారు.

లాయరుగారు ఒకాయన మెడకు గుడ్డ బిగిస్తూ వెనక్కి తిరిగి ఆప్యాయంగా నవ్వారు. "నువ్వు రెస్టు తీసుకోవయ్యా. నీకు జరిగిన నష్టం పూర్తిగా పూడ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

మధ్యాహ్నం బార్బరు ఇంకో లాయరును వెతుక్కుంటూ బయల్దేరాడు.