తాళాల మేస్త్రి ఇంటికి కాపలా

ఆ ఆదివారం పొద్దున తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే వెళ్లి ఒక కుక్కను తెచ్చుకోవాలి, తిరిగొచ్చి బట్టల కొట్టాయన గోదాముకు కొత్త తాళం కొలతలు తీసుకోవాలి, వేళకు ఇంత అన్నం తినాలి. ఇంత చిన్న పథకం మీద ఎవరికీ కన్నుకుట్టదని అనుకున్నాడు పాపం.

"ఇప్పుడు కుక్కెందుకండీ మనకు?" అంది భార్య, పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ.

నిజం వేరే ఉంది. కూతురు పెళ్లై అత్తవారింటికి వెళ్లినప్పటి నుంచి మేస్త్రికి ఇంట్లో గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. అంతకుముందు ఆ గడియారానికి చప్పుడుందనే ఆయనకు తెలియదు. ముందు దుకాణం, వెనక ఇల్లు. కూతురు పక్కన కూర్చుని తాళంచెవులు అరగదీస్తూ పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ ఉండేది. ఇప్పుడు ఆయన షట్టరు దించాక కూడా లోపలికి వెళ్లబుద్ధి కాక, ఎవరూ అడగని తాళంచెవులు అరగదీస్తూ కూర్చుంటున్నాడు. అయితే ఇంత మీసం పెట్టుకుని పెళ్లాంతో "నాకు బెంగగా ఉందే" అనడమెలా? పైగా ఆవిడ, అమ్మాయి వెళ్లిన మర్నాడే కంట తడి పెట్టకుండా దాని దుప్పట్లన్నీ ఉతికి ఆరేసిన మనిషి.

అందుకని, "కాపలాకు" అన్నాడు.

"బాగుంది! ఊరందరికీ తాళాలు వేసే మీకు కాపలానా? వంటవాడు పక్కింటికి భోజనానికి వెళ్లినట్టుంది."

ఊరి చివర దిక్కులేని కుక్కలను చేరదీసే షెడ్డు ఒకటుంది. మేస్త్రి లోపల అడుగుపెట్టగానే కుక్కలన్నీ ఒక్కసారిగా అరుపులు లంకించుకున్నాయి. ఒకటి ఇనుప వలను కొరికింది, ఇంకొకటి ఆయన పంచెను కొరికింది. "కాపలాకైతే ఇది తీసుకోండి, మనిషి నీడ పడితే చాలు, పీకుతుంది" అని షెడ్డాయన ఉత్సాహంగా చూపించాడు. మేస్త్రి మాత్రం మూలనున్న గోధుమరంగు కుక్క దగ్గర ఆగిపోయాడు. దానికి ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంది. అది లేచి వచ్చి, ఆయన మోకాలికి ఒళ్లంతా ఆనించి, హమ్మయ్య అన్నట్టు నిట్టూర్చింది.

"ఇది మొరగదా?"

"వచ్చినప్పటి నుంచీ వినలేదండీ. కాపలాకు పనికిరాదు."

"పర్లేదు, నేర్చుకుంటుందిలెండి" అన్నాడు మేస్త్రి, అది ఎన్నటికీ నేర్చుకోకూడదని కోరుకుంటూ.

దాన్ని నడిపించుకుని వస్తుంటే పక్క కొట్టు దర్జీ ఎదురయ్యాడు. ఆ మనిషి బట్టను కొలిచి కత్తిరిస్తాడు గానీ మాటను ఏనాడూ కొలవలేదు.

"ఏంటి మేస్త్రీ, కుక్కా?"

"ఆఁ, కాపలాకు."

"మీ తాళాలుండగా మీకు కాపలా ఏంటండీ?"

మేస్త్రి ఏదో ఒకటి అనాలి కదా అని, "రోజులు బాగాలేవయ్యా" అన్నాడు.

అంతే, నిప్పు అంటుకుంది. మధ్యాహ్నానికల్లా మేస్త్రి ఇంట్లో దొంగతనం జరిగింది. సాయంత్రానికి ఆ దొంగకు మీసాలు మొలిచాయి. మర్నాటికి వాడు మేస్త్రి చేసిన ఏ తాళాన్నైనా జడపిన్నుతో తీసేస్తున్నాడు. కుక్కేమో ఇదేమీ తెలియక దుకాణం గుమ్మానికి అడ్డంగా పడుకుని, వచ్చినవాళ్లందరినీ ప్రేమగా చూస్తోంది. వచ్చినవాళ్లు మాత్రం రోడ్డు మీదే ఆగిపోతున్నారు.

"మొరిగే కుక్క కరవదంటారు కదా" అని దర్జీ వాళ్లకు విడమరిచి చెప్పాడు. "ఇది అసలు మొరగనే మొరగదు. ఇక మీరే ఆలోచించుకోండి!"

రెండోరోజు బట్టల కొట్టాయన వచ్చాడు. బజారు వ్యాపారులందరికీ ఆయనే పెద్ద. ఆయన ఎడమకు నడిస్తే బజారంతా ఎడమకే నడుస్తుంది. ఆయన కూడా గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"మేస్త్రీ, గోదాము తాళం కొన్నాళ్లు ఆపుదాం."

"ఎందుకండీ, కొలతలు కూడా తీసుకున్నాగా?"

"ఏం లేదు. మీరే కుక్కను నమ్ముకున్నాక, మేం మీ తాళాన్ని ఎలా నమ్ముకోమంటారు?"

ఆ సాయంత్రానికి మరో ఇద్దరు కొన్న తాళాలు తిరిగి ఇచ్చేశారు. తండ్రి చేతి నుంచి వచ్చిన పని, ఇన్నేళ్ల నమ్మకం ఒక్క మాటతో కొట్టుకుపోతోంది. మేస్త్రి ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకోటి తెచ్చాడు. "అసలది నా కుక్కే కాదయ్యా! మా వియ్యపురాలిది. నాలుగు రోజులు ఉంచుకోమని పంపింది" అన్నాడు దర్జీతో.

దర్జీ మెడలోని టేపును సవరించుకుంటూ ఆలోచనలో పడ్డాడు. వాడు ఆలోచించినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది. "ఇవాళ కుక్కను పంపారంటే, రేపు కోడల్ని పంపుతారు" అని తేల్చాడు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మేస్త్రి పని. పొద్దున్నే ఇద్దరు ఇల్లాళ్లు వచ్చి భార్య చేతులు పట్టుకుని, "ధైర్యంగా ఉండు వదినా, ఈ రోజుల్లో ఇవన్నీ మామూలే" అని ముక్కు చీదారు. ఆవిడకు ఏమీ అర్థం కాకపోయినా, ఎందుకైనా మంచిదని తనూ చీదింది. వాళ్లు వెళ్లాక, "ఏమండీ, మనకేమైంది?" అని అడిగింది. మేస్త్రి ఎప్పుడో అరిగిపోయిన తాళంచెవినే మళ్లీ అరగదీస్తూ కూర్చున్నాడు.

అదే రోజు బట్టల కొట్టాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక దర్జీ ఎలాగూ ఉన్నాడు.

"మేస్త్రీ, మీ మంచి కోరి చెబుతున్నా. ఆ కుక్క ఎవరిదైనా కానీ, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ వదిలేసి రండి. మీ తాళం మీద మీకు నమ్మకముందని బజారంతా చూస్తుంది. గోదాము తాళం రేపే బిగిద్దురుగాని."

మాట న్యాయంగానే ఉంది. మేస్త్రి అడకత్తెరలో పోకచెక్కలా అటూ ఇటూ చూసి, మేకుకున్న గొలుసు తీశాడు. షికారుకనుకుని కుక్క గబగబా లేచింది. లేచి, అలవాటు ప్రకారం ఆయన మోకాలికి ఆనుకుని నిట్టూర్చింది. మేస్త్రికి కాలు ముందుకు పడలేదు.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. కూతురు రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులతో దిగింది. వెనక అల్లుడు చెమటలు కక్కుతున్నాడు.

"నాన్నా! మా అత్తగారు నన్ను వెళ్లగొట్టేశారట కదా! నాకు తెలియకుండా ఎప్పుడు వెళ్లగొట్టారు?"

"అది కాదు తల్లీ..."

"ఈ బజారు నుంచి ఎవరో ఫోన్ చేసి దులిపేశారట, ఆవిడ పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు. నేనేం పాపం చేశాను, నాకసలు కుక్కే లేదు, అని ఒకటే ఏడుపు. ఏంటి నాన్నా ఇదంతా?"

బజారంతా చెవులు రిక్కించింది. మేస్త్రి ఒకసారి కూతురి చెప్పుల వంక చూశాడు, ఒకసారి కుక్క వంక చూశాడు. ఎన్నో మొరాయించిన తాళాలు తీసిన మనిషి, తన నోరు తెరవడానికి మాత్రం చాలా అవస్థ పడ్డాడు.

"ఇది కాపలాకూ కాదు, వియ్యపురాలిదీ కాదు. దొంగ రాలేదు, ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. నువ్వు వెళ్లాక ఇల్లు బోసిపోయిందమ్మా. అన్నం ముందు కూర్చుంటే కంచం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఉండలేకపోయాను. బెంగ పెట్టుకున్నానంటే నవ్వుతారని కాపలా అన్నాను. మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి తప్పైపోయిందని చెబుతాను. దీన్ని మాత్రం వదల్లేను. తాళాలు కొంటే కొనండి, లేకపోతే లేదు."

ఎవరూ నవ్వలేదు. భార్య గుమ్మంలోంచి బయటికి వచ్చింది.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు బాగానే ఉన్నావు కదా అని..."

"నేనా? మీరు తాళాలు బిగించడానికి అటు వెళ్లగానే ఇటు దీన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతున్నా. మొదటిరోజే నా చిన్నప్పటి సంగతులన్నీ అయిపోయాయి." అంటూనే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి ఇన్నాళ్లుగా చూడని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

కూతురు కింద కూర్చుని కుక్కను పరీక్షగా చూసింది. "అంటే నా బదులు దీన్ని తెచ్చుకున్నావా నాన్నా?"

"నీ బదులెందుకవుతుందే? నువ్వు మాట్లాడేదానివి, ఇది వింటుంది."

కూతురు నవ్వుతూనే ఏడ్చింది. కుక్క ఆ పిల్ల ఒళ్లో తల పెట్టి, అల్లుడి చెప్పు మీద తోక ఆడించింది.

వచ్చిన నలుగురూ నేల చూపులు చూస్తూ ఒక్కొక్కరే జారుకున్నారు. బట్టల కొట్టాయన మాత్రం కదల్లేదు. కాసేపు గొంతు సవరించుకుని, ఎవరూ వినడం లేదని తేల్చుకున్నాక అడిగాడు. "గోదాము తాళం రేపు బిగించండి మేస్త్రీ. అదీ... మావాడు హాస్టలుకు వెళ్లిపోయాడు కదా. ఈ కుక్కకు సాయంత్రాలు ఖాళీయేనా?"

మర్నాడు సాయంత్రం ఆయన ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో వచ్చి, గుమ్మంలో కూర్చుని, కొడుకు చిన్నప్పటి అల్లరంతా కుక్కకు చెప్పుకుని తేలిక పడి వెళ్లాడు. ఆ తర్వాతి రోజు ఓదార్చడానికి వచ్చిన ఇల్లాళ్లిద్దరూ వచ్చారు. వారం తిరిగేసరికి దర్జీ కూడా వచ్చి, చుట్టూ చూసి, తన మాట మధ్యలో తుంచకుండా వినే ప్రాణి ఈ బజారులో ఇదొక్కటేనని ఒప్పుకున్నాడు. మేస్త్రి ఇంట్లో గడియారం చప్పుడు మళ్లీ ఎవరికీ వినిపించలేదు. తాళాలు మునుపటికంటే ఎక్కువే అమ్ముడయ్యాయి.

ఒక సాయంత్రం కుక్క చుట్టూ మూగిన జనాన్ని తోసుకుంటూ టీ గ్లాసులు అందించి అలసిపోయిన భార్య, మేస్త్రి పక్కన చతికిలబడి నెమ్మదిగా అంది.

"ఇక లాభం లేదండీ, వీళ్లందరినీ ఆపడానికి ఒక కాపలా కుక్కను తెండి."