రమ్తాలో ఉత్తుత్తి ఇంటర్వ్యూ

ఆ రోజు పొద్దున హియామ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. సరిహద్దుకు ఇవతల జోర్డాన్‌లోని రమ్తా, అవతల సిరియాలోని దరా, రెంటికీ నడుమ రెండు దేశాలూ కలిసి కట్టిన కొత్త పారిశ్రామికవాడ. అక్కడ తెరవబోయే బట్టల ఫ్యాక్టరీకి రమ్తావాళ్లను తయారుచేయడం ఉపాధి కేంద్రం అధికారిణిగా హియామ్ బాధ్యత. వచ్చే వారం ఫ్యాక్టరీ యజమాని ముంజిర్ మహామీద్ దరా నుంచి వస్తున్నాడు. ఆయనకు వీళ్లు నచ్చకపోతే ఉద్యోగాలన్నీ అవతలివాళ్లకే పోతాయి. అందుకే ముందుగా ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది.

యజమాని వేషానికి భర్త పినతండ్రి అబూ నాయిఫ్‌ను ఒప్పించింది. ఆయన జీవితమంతా రమ్తా, దరాల మధ్య టాక్సీ తోలినవాడు. దరా యాస మాట్లాడితే దరావాళ్లే ఏ వీధి మీది అని అడుగుతారు.

"మామయ్యగారూ, కాస్త బెట్టుగా ఉండండి, అంతే. ఇది ఉత్తుత్తిదని ఎవరికీ చెప్పలేదు. చెబితే భయపడరు," అంది హియామ్.

"బెట్టు సంగతి నాకొదిలెయ్ తల్లీ. కావాలంటే మీ అత్తనడుగు," అన్నాడాయన కోటు సర్దుకుంటూ.

చెప్పకపోవడమే కొంప ముంచింది. శిక్షణకు వచ్చే అమ్మాయి ఒకతె, యజమాని ఇవాళే వచ్చి ఉద్యోగాలిస్తున్నాడని తల్లికి చెప్పింది. తల్లి రొట్టెల దుకాణంలో చెప్పింది. హియామ్ కాఫీ తాగి కిటికీ తెరిచేసరికి వీధి వీధంతా జనం. గేటు దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, ఇది నిజం ఇంటర్వ్యూ కాదు! వెళ్లిపోండి!" అని అరిచింది.

"మీ చుట్టాలకు ఇచ్చుకోవడానికి మమ్మల్ని పొమ్మంటున్నావా?" అని నిలదీసింది ఫిద్దా అనే నడివయసు వితంతువు. "మా ఆయన పోయినప్పట్నుంచీ ఊరందరి బట్టలూ కుట్టి పిల్లల్ని సాకుతున్నా. నన్ను లోపలికి పంపించాకే నువ్వు మాట్లాడు."

జనం తోసిన తోపుకు హియామ్ గేటుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. ఫిద్దా లోపలికి వెళ్లింది. వెనకాల అందరూ వెళ్లారు.

లోపల అబూ నాయిఫ్ రెచ్చిపోయి ఉన్నాడు. ఫ్యాక్టరీ గురించి ఏమడగాలో తెలియక కోటు బొత్తాం పీకి బల్లమీద పెట్టాడు. "కుట్టు చూద్దాం." కుట్టినవాళ్ల పనితనం చూసి, ఉద్యోగం ఇచ్చేసి, బొత్తాం మళ్లీ పీకి తర్వాతివాళ్లకు ఇస్తున్నాడు. ఫిద్దా కుట్టిన బొత్తాం మాత్రం ఎంత లాగినా ఊడిరాలేదు.

"నీకు ఉద్యోగం ఖాయం!" అని బల్ల చరిచాడు. ఇంకో బొత్తాం పీకుతూ, ఊపు మీద, "రోజూ బస్సు పంపిస్తా. గురువారం గురువారం మన్సఫ్ విందు పెట్టిస్తా, అన్నం మీద మేకమాంసంతో!" అని కూడా అనేశాడు. ఆడవాళ్ల ఆనందపు కేకలు వీధి చివరిదాకా వినిపించాయి.

వరసలో తర్వాత ఖరీదైన సూటు వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"నేను ముంజిర్ మహామీద్‌ని. ముందుగా వచ్చి చూద్దామనుకుంటే మీ కాపలావాడు నన్ను వరసలో నిలబెట్టాడు. ఫ్యాక్టరీ నాది!"

అబూ నాయిఫ్ లోలోపల నవ్వుకున్నాడు. తనను పరీక్షించడానికి కోడలే ఈ మనిషిని పంపిందనుకున్నాడు. "ఓహో, మీది కూడానా? కూర్చోండి. ఈ బొత్తాం కుట్టండి."

ముంజిర్ సూది అందుకున్నాడు, కోపంలో. దారం ఎక్కించలేకపోయాడు. ఎక్కించాక వేలు పొడుచుకున్నాడు. చివరికి బొత్తాన్ని కోటుకు బదులు తన సూటు చేతికి కుట్టుకున్నాడు.

"బట్టల ఫ్యాక్టరీవాడివి, బొత్తాం కుట్టలేవా నాయనా? లాభం లేదు. తర్వాతివాళ్లు!"

సరిగ్గా అప్పుడే హియామ్ జడ ఊడిపోయి, ఒక కాలి చెప్పుతో గదిలోకి వచ్చింది. ఫోటోలో చూసిన ముఖం ఎదురుగా కనిపించేసరికి కొయ్యబారిపోయింది.

"మామయ్యగారూ... ఈయన... నిజంగా ఆయనే."

అబూ నాయిఫ్ నోరు తెరిచాడు. దరా యాస పోయింది, రమ్తా యాసా పోయింది. ఫిద్దా ఏడుపు ఆపుకుంటూ, "అయితే మా ఉద్యోగాలు ఉత్తివేనా?" అంది.

ముంజిర్ ఆ కోటు దగ్గరికి వంగాడు. ఆమె కుట్టిన బొత్తాన్ని రెండు చేతులతోనూ లాగి చూశాడు. తర్వాత తన సూటు చేతికి వేలాడుతున్న బొత్తాన్ని ముట్టుకున్నాడు. అది కింద పడిపోయింది.

"నా మేనేజర్లు మనుషుల్ని ఎంచేటప్పుడు తండ్రి పేరు, తెగ పేరు అడుగుతారు. సూది చేతికిచ్చినవాణ్ణి ఇవాళే చూశాను," అన్నాడు అబూ నాయిఫ్‌తో నెమ్మదిగా. "నువ్వు తీసుకున్నవాళ్లందర్నీ తీసుకుంటున్నాను. నిన్ను కూడా, మనుషుల్ని ఎంచే పనికి. కానీ మన్సఫ్... ప్రతి గురువారమా?"

"మాటిచ్చేశానండీ, మీ పేరు మీద," అన్నాడు అబూ నాయిఫ్ తల గోక్కుంటూ.

హియామ్ అక్కడే నేలమీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఆ రోజు ఆ గదిలో సూది పట్టి కూడా ఉద్యోగం దొరకనివాడు ఫ్యాక్టరీ యజమాని ఒక్కడే.