చీకటి ధ్రువీకరణ పత్రం

మనిషి నిప్పు కనిపెట్టడం పెద్ద గొప్పేమీ కాదు. ఆ రోజుల్లో దానికి అనుమతి అక్కర్లేదు. రెండు రాళ్లు రాపాడిస్తే సరిపోయింది. రాళ్ల పుట్టుపూర్వోత్తరాలు మూడు ప్రతుల్లో రాసివ్వమని ఎవరూ అడగలేదు. అసలైన గొప్పతనమంతా ఉన్న దీపం తీసి అంతకన్నా మంచి దీపం పెట్టుకోవడంలో ఉంది. ఈ మాట నేను పంతొమ్మిది రోజుల స్వానుభవంతో చెబుతున్నాను.

మా కారు వయసు పదకొండేళ్లు. దాని ముందు దీపాలు హాలోజన్ రకం. వెలుగుతాయి, అందులో లోపం లేదు. కాకపోతే ఆ వెలుగుకు బండి దిగి రోడ్డు మీదికి రావాలంటే మొహమాటం. పొద్దుగూకాక కారు తీసే అవసరం లేదు కాబట్టి ఇన్నాళ్లూ మాకు దానితో పేచీ రాలేదు. ఇప్పుడు మా ఆవిడకు అవసరం వచ్చింది.

ఆమె ఈత నేర్పుతుంది. ఆరేళ్లపాటు సహాయకురాలిగా పనిచేశాక, ఊరవతల ఈతకొలనులో సాయంత్రం బ్యాచ్‌కు ప్రధాన శిక్షకురాలి ఉద్యోగమిచ్చారు. ఒకటో తారీఖున చేరాలి. బ్యాచ్ ముగిసేసరికి ఏడున్నర అవుతుంది. అక్కణ్ణుంచి ఇంటికి ఏడు కిలోమీటర్ల కాలువ గట్టు రోడ్డు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గుంతలు, పైన నక్షత్రాలు. వీధి దీపం మాత్రం ఒక్కటీ లేదు.

దారి ఎలా ఉందో చూసొద్దామని ఓ సాయంత్రం ఇద్దరం వెళ్లాం. తిరిగొస్తుంటే, ఎవరో రోడ్డు మధ్యలో వదిలేసి పోయిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి జానెడు దూరానికి వచ్చాక గానీ మాకు దర్శనమివ్వలేదు. మా ఆవిడ బ్రేకు తొక్కి బండి ఆపింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె చాలాసేపు స్టీరింగు వదల్లేదు.

“కాలవలో పడితే ఈదుకొస్తాను గానీ, ట్రాలీ కిందికి పోతే ఏ ఈతా పనికిరాదండీ,” అంది చివరికి. “ముప్పయ్యో తారీఖులోగా దీపాలు మార్పిస్తే చేరతాను. లేదంటే వద్దని రాసిచ్చేస్తాను.”

ఆరేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం గుడ్డి దీపాల మూలంగా చేజారిపోతుందంటే నాకు నిజంగానే దిగులేసింది. పైకి మాత్రం “అదెంత పని!” అన్నాను. (అదెంత పని అన్నవాడెవడూ అంతకుముందు ఆ పని చేసి ఉండడు.)

మర్నాడు కార్ల వైరింగు మేస్త్రి దగ్గరికెళ్లాను.

“జెనాన్ పెట్టించుకోండి సార్,” అన్నాడు. “హాలోజన్‌లో తీగె కాగి వెలుగుతుంది. జెనాన్‌లో తీగే ఉండదు, బల్బులోని వాయువే వెలుగుతుంది. తెల్లటి వెలుగు, రోడ్డంతా పరుచుకుంటుంది.”

“అయితే బల్బులు మార్చెయ్.”

“ఉత్త బల్బు మారిస్తే ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి సార్. దానికి తగ్గ లెన్సుతో దీపం మొత్తం మార్చాలి. నాకు గంట పని. కాకపోతే పర్మిషన్ కాగితం మీరు తేవాలి.”

“అదెంతసేపు?”

మేస్త్రి నవ్వలేదు. మంచివాడు. కుర్చీ నా వైపు జరిపి, “కాస్త కూర్చోండి సార్,” అన్నాడు.

ఈ పనికోసం ప్రభుత్వం ‘వెలుగు నేస్తం’ అనే యాప్ పెట్టింది. అందులో మొదటి ప్రశ్న: మీ ప్రస్తుత దీపాలు చాలినంత వెలుగునిస్తున్నాయా? అవునని నొక్కాను. ‘అయితే మార్పు అవసరం లేదు. దరఖాస్తు తిరస్కరించబడినది’ అంది. మళ్లీ మొదలుపెట్టి కాదని నొక్కాను. ‘అయితే మీ వాహనం రోడ్డుకు పనికిరాదు. పనికిరాని వాహనానికి దీపాలెందుకు?’ అంది. (చివరి వాక్యం యాప్ అనలేదు. కానీ దాని ధోరణి అదే.) మూడో రోజుకు, అవునూ కాదూ రెండూ ఒకేసారి నొక్కితే ముందుకు పోతుందని తెలిసింది.

తర్వాత, చీకటి రోడ్డు ఫోటో పంపమంది. సాయంత్రం గట్టు మీదికెళ్లి తీసి పంపాను. ‘చిత్రం స్పష్టంగా లేదు. మంచి వెలుతురులో మళ్లీ తీయగలరు’ అని జవాబొచ్చింది. పొద్దున్నే వెళ్లి మంచి వెలుతురులో తీసి పంపాను. ‘చిత్రంలో చీకటి కనిపించడం లేదు’ అంది.

ఇక లాభం లేదని వాహన కాంతి మార్పిడి విభాగం ఆఫీసుకే వెళ్లాను. నాలుగో కిటికీ వెనక గుమస్తా నా గోడంతా ఓపిగ్గా విన్నాడు.

“యాప్‌తో ఎవరికీ పని కాదండీ. అది జనం ఆఫీసుకు రాకుండా పెట్టింది,” అన్నాడు. “మీకు చీకటి ధ్రువీకరణ పత్రం ఉందా?”

“అంటే?”

“మీరు వెళ్లే దారి చీకటిగా ఉందని మా తనిఖీ అధికారి చూసి రాసివ్వాలి. అడిగినవాళ్లందరికీ వెలుగిచ్చుకుంటూ పోతే ఎలాగండీ?”

“ఆయన ఎప్పుడొస్తారు?”

“పదిన్నర నుంచి నాలుగు లోపు ఎప్పుడైనా. అవే పనివేళలు.”

తొమ్మిది రోజుల తర్వాత తనిఖీ అధికారి వచ్చారు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన టోపీ, కళ్లకు నల్లద్దాలు, చేతిలో వెలుతురు కొలిచే మీటరు. ఎండ దంచేస్తోంది. ఆయన గట్టు రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిజాయితీగా వెతికారు. చెట్ల నీడలు కూడా వదల్లేదు.

“సార్, మీరు సాయంత్రం వస్తే...” అని నసిగాను.

“సాయంత్రమైతే చీకటి పడుతుంది కదండీ. అందులో నాకేం కనబడుతుంది?” అన్నారు.

నివేదిక అక్కడే రాశారు: ‘సదరు రోడ్డును ఆమూలాగ్రం పరిశీలించడమైనది. చీకటి ఎక్కడా కానరాలేదు.’

అప్పటికి ఇరవై ఎనిమిదో తారీఖు. ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ తెల్లకాగితం తీసుకుని, ఉద్యోగం వద్దని ఉత్తరం మొదలుపెట్టింది. శిక్షణలో ఊదే ఈలను డ్రాయరులో పెట్టేసింది.

“రేపొక్క రోజు ఆగు. అప్పీలు చేద్దాం,” అన్నాను.

“అయితే నేనూ వస్తాను,” అంది కలం మూత పెడుతూ.

అప్పీలుకు పాత ఫైలు కావాలన్నాడు గుమస్తా. ఫైలు రికార్డు గదికి వెళ్లిపోయింది. ఆ ఆవరణలో ఉన్న అన్ని విభాగాలకూ కలిపి ఒకటే రికార్డు గది. ఒకప్పటి పొడుగాటి కార్ల షెడ్డు. కిటికీల్లేవు. ట్యూబ్‌లైటు మాడిపోయి మూడేళ్లయింది.

“ఫైలు లోపలే ఉందమ్మా, ఎటూ పోలేదు. కనబడదంతే,” అన్నాడు గుమస్తా.

“టార్చి లేదా అన్నయ్యా?” అంది మా ఆవిడ.

“ఉందమ్మా. లోపలే ఎక్కడో ఉంది.”

మా ఆవిడ వెళ్లి కారు తెచ్చింది. షెడ్డు తలుపులు బార్లా తీయించి, బండిని సగందాకా లోపలికి పోనిచ్చి, దీపాలు వేసింది. పసుపుపచ్చటి వెలుగు మర్యాదగా రెండో బీరువాదాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. మా ఫైలు నాలుగో బీరువాలో ఉందట.

అదే సమయానికి, ఇదేమిటీ కారు లోపల అనుకుంటూ తనిఖీ అధికారి వచ్చారు. రెండో బీరువా దాటి నాలుగడుగులు వేసి, ఏదో ఫైళ్ల కట్టకు కాలు తట్టుకుని, అక్కడ తడుముకుంటున్న గుమస్తా మెడను బీరువా అనుకుని పట్టుకున్నారు.

“ఛ! ఏమిటయ్యా ఈ చీకటి!”

“ఏమన్నారు సార్?” అంది మా ఆవిడ.

“ఏమిటీ చీకటి అన్నానమ్మా.”

“అదే రాసివ్వండి.”

గుమస్తా మెడ సవరించుకుంటూ, “రూల్లో రోడ్డని ఎక్కడా లేదు సార్,” అన్నాడు. “దరఖాస్తుదారు వాహనం ప్రవేశించు చీకటి ప్రదేశం అనే ఉంది. వాహనం ప్రవేశించింది కూడా.”

అధికారి మీటరు తీసి చూశారు. సున్నా. గడియారం చూశారు. రెండూ పది. పనివేళల్లో చీకటి! ఇరవై రెండేళ్ల సర్వీసులో దాన్ని కళ్లారా చూడడం ఆయనకదే మొదటిసారట. కారు వెలుగులోకి వచ్చి నిలబడి పత్రం రాసిచ్చారు. ఆ సాయంత్రానికే అనుమతి చేతికొచ్చింది: ‘జెనాన్ దీపాలు అమర్చుకొనవచ్చును. వినియోగ స్థలం: రికార్డు గది.’

ముప్పయ్యో తారీఖున మేస్త్రి గంటలో పని ముగించాడు. (ఈ మొత్తం వ్యవహారంలో చెప్పినంత సేపట్లో చేసినవాడు అతనొక్కడే.) ఒకటో తారీఖున మా ఆవిడ ఈల మెళ్లో వేసుకుని ఉద్యోగంలో చేరింది. తిరుగుదారిలో గట్టు రోడ్డు మీద గుంతలన్నీ ఒక్కొక్కటిగా పలకరించాయని ఇంటికొచ్చి చెప్పింది. అంత సంతోషంగా గుంతల గురించి మాట్లాడిన మనిషిని నేను చూడలేదు.

రెండో వారంలో ఒక పోలీసాయన ఆపి కాగితం అడిగాడట.

“ఇది రికార్డు గదికి ఇచ్చింది కదమ్మా?”

“అక్కడికే వెళ్తున్నానండీ. ఇంకా చేరలేదు.”

ఆయన కాగితం ఇంకోసారి చదివి, జాగ్రత్తగా వెళ్లమన్నాడట.

కథ ఇక్కడితో కంచికి వెళ్లిపోవలసింది. కానీ రికార్డు గదికి కొత్త ట్యూబ్‌లైటు కావాలని గుమస్తా పెట్టుకున్న అర్జీని పైవాళ్లు తిప్పి పంపారు. సదరు గదిలో జెనాన్ దీపాలు వినియోగంలో ఉన్నట్టు రికార్డు ఉన్నందున మంజూరు కుదరదట. గుమస్తా ఫోన్ చేసి, “చెల్లెమ్మా, ఏమీ అనుకోకపోతే ఒక్క గంట...” అన్నాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఈతకొలనుకు వెళ్లేముందు మా ఆవిడ ఆ షెడ్డులో దీపాలు వేస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా, ఆ గంటకోసం ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగినవాళ్లంతా వరసలో నిలబడతారు. అడుగుబొడుగు ఫైళ్లన్నీ బయటపడుతున్నాయి. జనం ఆమెకు దణ్ణాలు పెడుతున్నారు.

కిందటి శుక్రవారం అయిదో బీరువా అడుగు అరలో ఒక ఫైలు దొరికింది. కాలువ గట్టు రోడ్డుకు వీధి దీపాలు కావాలని ఎవరో పెట్టుకున్న అర్జీ. మా ఆవిడ దాన్ని కారు ముందుకు తెచ్చి చివరి పేజీ తిప్పింది. సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి.

తొమ్మిదేళ్ల కిందటే మంజూరైంది.