అక్కగారికి నూట ఆరు

మన దేశంలోకి వచ్చే ఏరు ఇకమీదట సరిహద్దు దగ్గరే పుడుతుందని సైన్సు మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. అంతకుముందు అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో మనకు అనవసరమనీ, శత్రుదేశంలో నీటికి గల పూర్వచరిత్రను మన శాస్త్రం గుర్తించదనీ సెలవిచ్చారు. సభలో చప్పట్లు నాలుగు నిమిషాలు. నేను ఆ ఏటి ఒడ్డున ఉన్న నీటిమట్టాల ఆఫీసులో టైపిస్టును. ఆ ప్రసంగాన్ని మూడు కాపీలు కొట్టే అదృష్టం నాకే దక్కింది.

ఎగువదేశం మంత్రి మాత్రం తక్కువ తిన్నాడా? ఏరు సరిహద్దు దగ్గర అంతమవుతుందని వాళ్ల పిల్లల భూగోళం పుస్తకంలో అచ్చేయించాడు. రెండు దేశాల శాస్త్రవేత్తలూ ఒక విషయం మీద ఇంత చక్కగా ఏకీభవించడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

మా ఆఫీసు గేజ్ రీడరును ఊరంతా గజం బాబాయి అంటారు. ఏట్లో పాతిన కొలబద్ద మీద నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున పదింటికి ఎగువదేశం గేజ్ రీడరుకు ఫోను చేసేవాడు. ఇవాళ అక్కడున్న నీళ్లే రేపు పదింటికి మా ఊళ్లో ఉంటాయి. ఆ ఒక్క రోజు గడువులోనే రేవు వీధిలో మూడొందల ఇళ్లవాళ్లు, మా ఇంటితో సహా, పిల్లాజెల్లాతో గుట్ట మీది హైస్కూలుకు చేరుకునేవాళ్లు. రీడర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు గానీ బావా, బావమరిదీ అనే పిలుచుకునేవాళ్లు.

ప్రకటనతో ఆ ఫోను దేశద్రోహమైపోయింది. దాని బదులు స్వదేశీ వరద మోడల్ దిగింది. దానికో ఏసీ గది, పన్నెండుమంది డాక్టరేట్లు. పాత లెక్కల్లో సగం సూత్రాలు ఎగువదేశంవాడు కనిపెట్టినవని తేలడంతో డైరెక్టరుగారు డస్టరు పట్టుకుని స్వయంగా చెరిపేశారు.

"మిగతా సగంతో లెక్క కుదురుతుందా సార్?" అన్నాను.

"కుదరకపోతే తప్పు ఏటిది" అన్నారాయన.

మొదటి నెలలో మోడల్ మూడు వరదలు చెప్పింది. మూడుసార్లూ దూడలు ఏరు నడిచి దాటాయి.

ఇంతలో ప్రభుత్వం ఒక దయ తలచింది. చుట్టాలు అటుపక్క ఉన్నవాళ్లు ఆరోగ్య విషయాలు మాత్రం ఫోనులో మాట్లాడుకోవచ్చు, పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుని వింటాడు. మర్నాడు పదింటికి బాబాయి ఫోను తీశాడు.

"బావగారూ, అక్కయ్యకు ఒంట్లో ఎలా ఉంది?"

అంత పాత చుట్టరికం కదా, అటువైపు ఆయన ఇట్టే అందుకున్నాడు.

"జ్వరం తొంభై తొమ్మిది బావమరిదీ. నూరు దాటితేనే ప్రమాదం."

నూరంటే కొలబద్ద మీద ప్రమాద రేఖ. నూరు మీద ఎన్ని డిగ్రీలో, రేఖ మీద అన్ని అడుగులు. వారం తిరక్కుండా రేవు వీధిలో ఈ లెక్క రాని ముసలమ్మ లేదు. ఇన్‌స్పెక్టరు ఒక్కడే అక్కగారి జ్వరాన్ని శ్రద్ధగా ఫైలుకెక్కిస్తూ పోయాడు.

డైరెక్టరుగారు ఒకరోజు చాటుగా బాబాయి దగ్గరికి వచ్చారు. మోడల్లో 'స్థానిక అనుభవ గుణకం' అని ఒక గడి పెట్టించాననీ, రోజూ అందులో ఒక అంకె వేసిపెట్టమనీ అడిగారు. ఎక్కణ్ణుంచి తెస్తావని అడగలేదు. శాస్త్రజ్ఞుడు కదా, ఏది అడక్కూడదో తెలుసు. ఆనాటి నుంచి మోడల్ చెప్పిందల్లా నిజమైంది. డైరెక్టరుగారికి పతకం వచ్చింది, మంత్రిగారికి గౌరవ డాక్టరేటు వచ్చింది, బాబాయికి టీ ఇప్పించారు.

వానలు పట్టుకున్నాక జ్వరం ఫైలు మంత్రిగారి బల్ల మీదికి చేరింది. ఎన్నికల ముందు ఆయన మనసు వెన్న. విలేకరులను వెంటేసుకుని నేరుగా మా ఆఫీసుకే వచ్చారు.

"వాళ్ల వైద్యమూ ఒక వైద్యమేనా? మన మందు ఒక్క బిళ్ల చాలు. మీ అక్కగారిని ఇక్కడికి రప్పిస్తున్నాను."

నిజం చెబితే బాబాయికి జైలు, అటు బావకూ జైలు.

"వద్దు సార్. ఆవిడ రావడం ఎవరికీ మంచిది కాదు."

"మొహమాటపడకయ్యా."

అప్పుడే పదైంది. మంత్రిగారు అందరికీ వినబడేలా ఫోను స్పీకరు పెట్టించారు.

"బావమరిదీ, నూట ఆరు" అంది అటునుంచి గొంతు. "ఇక్కణ్ణుంచి బయల్దేరింది. రేపు ఈపాటికి మీ దగ్గరుంటుంది. ఆపడం నావల్ల కాదు."

మంత్రిగారు కళ్లొత్తుకున్నారు. "అంత జ్వరంతో బయల్దేరిందంటే మన వైద్యం మీద ఎంత నమ్మకం! ఏటి వంతెన మీద నేనే దండ వేస్తాను."

"వంతెన వద్దు సార్. గుట్ట మీద హైస్కూలు దగ్గరైతే..."

"ఆడపడుచుకు ఎదురెళ్లాలయ్యా. ఇవాళ ఆ గుణకాలూ గిణకాలూ పెట్టుకోకు. పోయి ఇల్లు సర్దుకో."

గడి ఖాళీగా ఉండిపోయింది. మోడల్ తన సొంత తెలివితో 'రేపు నీటిమట్టం సాధారణం' అంది. ఆ బులెటిన్ టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

బాబాయి ఇంటికి పోలేదు. రేవు వీధిలో గడప గడపా తొక్కాడు. "రేపు పదింటికి అక్కయ్య వస్తోంది. నూట ఆరు." అంతకుమించి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సాయంత్రానికి పరుపులు, కోళ్లు, కుట్టుమిషన్లు గుట్ట ఎక్కుతున్నాయి. ఇన్‌స్పెక్టరు మా అత్తగారిని ఆపాడు.

"ఎక్కడికి పెద్దమ్మా ఈ సామానంతా?"

"చుట్టం వస్తుంటే గదులు ఖాళీ చెయ్యద్దా నాయనా?"

ఆయనకు అది సబబుగానే తోచింది. పెళ్లయిన పద్నాలుగేళ్లకు మా అత్తగారి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

మర్నాడు తొమ్మిదిన్నరకే మంత్రిగారు వంతెన మీదున్నారు. వెనక బ్యాండు మేళం, అంబులెన్సు, ఫోటోగ్రాఫర్లు. ఎండ ఫెళ్లున కాస్తోంది. డైరెక్టరుగారు మోడల్ కాగితం చూపించి, నిశ్చింతగా ఉండమన్నారు. బాబాయి, నేను పక్కన ఎత్తు మెట్ల మీద నిలబడ్డాం. అక్కణ్ణుంచి కొలబద్ద బాగా కనబడుతుంది.

పదీ అయిదుకు పెద్ద డ్రమ్ము వాయించేవాణ్ణి వదిలేసి దిగువకు వెళ్లిపోయింది. పదీ పదికి మంత్రిగారు దండతో సహా అంబులెన్సు నెత్తి మీదున్నారు. డైరెక్టరుగారు ఆయన కాళ్లు పట్టుకుని ఉన్నారు. మంత్రిగారు అక్కణ్ణుంచే కేకేశారు.

"ఏమయ్యా, మీ అక్కగారు ఎక్కడ?"

బాబాయి కొలబద్ద వైపు చూసి, పుస్తకంలో అంకె రాసుకుని, వినయంగా జవాబిచ్చాడు.

"వచ్చేశారు సార్. ఇంకా రెండడుగులు రావాలి."