మంత్రిగారి ఇసుక బస్తా

పెద్ద వరద తరవాత ఇరవై రెండో ఏడు, నది మళ్ళీ మా ఊరి రైలు కట్ట దాకా వచ్చింది. అప్పటి సంగతి ఇది.

మా ప్రావిన్స్ ఆర్థిక మంత్రి లార్న్ విథర్బీ గారు స్వయంగా గట్టు మీదికి వచ్చారు. కొత్త రబ్బరు బూట్లు. ఒక ఇసుక బస్తా నింపారు. ఫోటోలతను సరిగ్గా పడలేదంటే పారబోసి మళ్ళీ నింపారు. అంత ఓపిక ఆయనకి. అప్పుడు ప్రకటించారు:

"బస్తాల దగ్గర పనిచేసిన ప్రతి వాలంటీరుకీ ప్రావిన్స్ పన్నులో మూడు వేల డాలర్ల 'ఇసుక వీరుల క్రెడిట్'! చరిత్రలో మొదటిసారి!"

చప్పట్లు కొట్టాం. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, చప్పుడు సరిగ్గా రాలేదు.

మా వదిన పరస్కకి డెబ్భై నాలుగేళ్ళు. మా అన్న పోయాక ఒంటరిది. పదిహేను రోజులు బస్తాలకి మూతులు కుట్టింది. ఈలోగా ఆవిడ ఇంటి నేలమాళిగలోకి నీళ్ళొచ్చి, ఇల్లంతా వెచ్చచేసే ఫర్నేస్ పోయింది. కొత్తది మూడు వేలు.

"మంత్రిగారు నా ఫర్నేస్ ధర కనుక్కునే చెప్పినట్టున్నారు మరిదీ," అంది.

చలికాలమంతా వంటింట్లో కట్టెల పొయ్యి పక్కనే పడుకుంది. నేను ఊరి హాలు కాపలాదారుని, హాలు వెనక గదిలో ఉంటాను. అక్కడికి రమ్మన్నాను.

"నీ చుట్ట కంపు కంటే చలే నయం," అంది.

మంత్రిగారి బస్తాని మాత్రం ఎవరూ అశ్రద్ధ చెయ్యలేదు. హాల్లో దానికో గది, అద్దాల పెట్టె. చలికి గోనె చిట్లుతుందని రాజధాని నుంచి ఉత్తరమొచ్చింది. రాత్రింబవళ్ళు ఇరవై ఒక్క డిగ్రీలుండాలి. ఖర్చు ప్రభుత్వానిది. తాళంచెవి నాది.

మార్చిలో పన్ను కాగితాలు నింపే రోజులొచ్చాయి. బయట మైనస్ ముప్ఫై. మంత్రిగారు కర్లింగ్ ఆడే హాల్లో అవగాహన సభ పెట్టారు. మంచు మీద రాళ్ళు జారించే ఆట కదా, గురికి రంగు వలయాలుంటాయి. మంత్రిగారు రాయి ముందు మంచు ఊడ్చే చీపురుతో వాటినే చూపించారు.

"బయటిది మొదటి శ్లాబు, నూటికి పది. దాని లోపల పన్నెండు. నడిమధ్య పదిహేడు. నడిమధ్యకి చేరితే మొత్తం ఆదాయం మీద పదిహేడు పడుతుందని భయపడకండి! అక్కడ పడ్డ డాలర్ల మీదే!"

ఎవరూ భయపడలేదు. నడిమధ్యకి దారి మాలో ఎవరికీ తెలీదు.

వదిన పింఛను కాగితం పట్టుకుని లేచింది. "నేను ఏ వలయంలో ఉన్నాను బాబూ?"

మంత్రిగారు కాగితం చూశారు. "మీరసలు వలయాల బయటే ఉన్నారమ్మా! మీకు పన్ను సున్నా. అభినందనలు!"

"మరి నా మూడు వేలు?"

"మూడు వేలు డబ్బు కాదమ్మా, అంకె. ఆ అంకెలో నూటికి పది, అంటే మూడొందలు. అది మీరు కట్టే పన్నులోంచి తగ్గుతుంది."

"నేను కట్టేది సున్నా అన్నావుగా?"

"అదే మా ఇబ్బంది. మేమెంత తగ్గించినా తగ్గడం లేదు."

"సున్నా కిందికి పోదా?"

"చట్టం ఒప్పుకోదు."

"నీళ్ళు పోయాయి కదయ్యా, నా ఇంటి కిందికి!"

మంత్రిగారు అది రాసుకోమని సెక్రటరీకి చెప్పారు.

"పోనీ నాకూ కాస్త పన్ను వెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది," అంది వదిన.

మంత్రిగారు చీపురు గుండెలకి హత్తుకున్నారు. "ఈ తల్లి బాధ నన్ను కదిలించింది. క్రెడిట్ రెట్టింపు చేస్తున్నాను! ఇది ఎవరికీ అందదని కొందరంటున్నారు. అబద్ధం. వాలంటీరుగా నాకే మూడొందలూ పూర్తిగా అందాయి. వచ్చే ఏడు ఆరొందలు!"

మళ్ళీ చప్పట్లు కొట్టాం. ఈసారి చేతులకి ఉన్ని తొడుగులు.

వదిన ఇంటికెళ్ళేదాకా ఒక్క మాటే అంది. "పొయ్యిలోకి కట్టెలు రేపటి దాకానే ఉన్నాయి."

మర్నాడు పొద్దున్నే వదిన మంచం స్లెడ్డు మీద లాక్కొచ్చి బస్తా గదిలో వేశాను. వదిన దాని మీద కూర్చుని, చాలాసేపటికి చేతి తొడుగులు తీసింది. తలుపు సరిగ్గా పడటం లేదు, గాలికి కొట్టుకుంటోంది. అద్దాల పెట్టె తెరిచి, బస్తా తీసి తలుపుకి అడ్డం పెట్టాను.