బాణం పడితేనే రంగు

2006లో ఒక ఆదివారం. ఏక్‌బాల్‌పూర్ తెలుగు సంఘానికి ఆ మధ్యాహ్నమే ఎన్నిక. పదిహేనేళ్లుగా కుర్చీ వదలని అధ్యక్షుడు గురువులు పొద్దున్నే సద్దన్నం తిని, నగరం అవతల సాల్ట్ లేక్‌లో వెబ్ పేజీలు చేసే కూతురు నాగేశ్వరి దగ్గరికి బయలుదేరాడు. సంఘం పేజీ ఆ రోజే మొదలు. పదింటికి అందరూ చూడాలని ముందురోజే ఊరంతా టాంటాం వేశాడు.

పేజీలో ఆయన ఫొటో ఒక్కటే ఉంది, నలుపు తెలుపుల్లో. మౌస్ బాణం దానిమీద వాలగానే రంగులొచ్చేశాయి.

"నా తల్లే! ఇంక సూరన్నగాడు నాకు పోటీయేటి?" అని మురిసిపోయాడు గురువులు.

ఆ పోటీదారు సూరన్న సరిగ్గా పదింటికి వీధిచివర సైబర్ కేఫ్‌లో కూర్చున్నాడు. అక్కడి పాత బ్రౌజర్ లింకు మీద తప్ప బాణం ఎక్కడ వాలినా ఖాతరు చేయదు. అందుకే ఫొటో నలుపు తెలుపుల్లోనే ఉండిపోయింది. సంఘం హాల్లో బతికున్నవాళ్లకు రంగు ఫొటో, పోయినవాళ్లకు నలుపు తెలుపు. అది ఆనవాయితీ. మనిషి పోయాడనుకున్నాడు సూరన్న. గురువులు భార్య జగ్గమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"ఒదినా, అన్న ఎల్లిపోనాడు!"

"ఏటంతన్నావు? ఇందాకే కదా సద్దన్నం తినెల్లినాడు!"

"కూతురింట్లోనే పోయుంటాడు. సెప్పడానికి నోరు రాక పాపం, కంప్యూటర్లో ఎట్టింది."

ఫోన్ చేస్తే నాగేశ్వరి ఎత్తలేదు. తండ్రిని బస్సెక్కించే హడావిడిలో ఫోన్ బల్లమీదే వదిలేసింది. జగ్గమ్మ కుప్పకూలిపోయింది. ఆ బస్సేమో దారిలో ఊరేగింపు అడ్డొచ్చి రెండు గంటలు కదల్లేదు.

ఎన్నిక సభ సంతాప సభ అయింది. జగ్గమ్మను ముందువరసలో కూర్చోబెట్టారు. "అలాటి మనిషి మళ్లీ పుట్టడు. హాలుకి ఆయన పేరెడదాం," అని సూరన్న భోరుమన్నాడు. అన్ని చేతులూ లేచాయి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో గురువులు ప్రత్యక్షమయ్యాడు.

జగ్గమ్మ పక్కనున్న పొరుగింటి అమ్మన్నమ్మ కెవ్వున అరిచి పడిపోయింది. దండేసిన తన ఫొటో దగ్గరికెళ్లి తేరిపార చూశాడు గురువులు.

"నాకేటయిందర్రా?"

"సచ్చిపోనావు కదా దాదా!" అన్నారెవరో, తప్పు ఆయనదే అన్నట్టు.

చివరికి నాగేశ్వరి ఫోన్‌కు దొరికింది. "అయ్యో నాన్నా, నా బ్రౌజర్‌లోనే చూశాను. ఫొటోని లింకులో పెట్టడం మర్చిపోయాను!"

అందరూ తేరుకున్నారు. తన మీద ఇంత ప్రేముందని గురువులు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఇంక ఎన్నిక్కి ఆలస్యమెందుకు? కానీండి," అన్నాడు ధీమాగా. సూరన్న గెలిచాడు.

హాలుకు ఆయన పేరు పెట్టాలని లేచిన చేతులు అరవై రెండు. ఆయనే అధ్యక్షుడిగా ఉండాలని లేచినవి ఏడు. జగ్గమ్మ చెయ్యి మొదటి లెక్కలో మాత్రమే ఉంది.