నోలాకి పడవ కబురు

ఈ స్టూవర్ట్ దీవి మొత్తంమీద పెళ్ళాన్ని ఎన్నడూ బతిమాలని మొగుణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే రేవులో ఎవరినైనా అడగండి. వద్దులెండి, అడక్కండి.

నా పేరు మంగో. పండు కాదు, మనిషినే. ఒకే గది ఉన్న బడిలో చదువుకున్నాను. కంప్యూటర్ విద్య మాత్రం నాకు వానాకాలం నేర్పింది. మా దగ్గర వానాకాలం జనవరిలో మొదలై డిసెంబరులో ఆగుతుంది, తీరిక బోలెడు.

దీవి జనానికి రోజూ అందే పడవ కబురు నా సృష్టే. పొద్దున్నే, పడవ నడిపే గాలివాన గోర్డన్ సముద్రం మొహం చూసి "పోతుంది" అనో "పోదు" అనో అంటాడు. నేనది నొక్కుతాను. అందరి ఫోన్లూ టింగుమంటాయి. తెర వెనక ఆ పని చేసే సర్వర్ మా ఉతుకుల గది అల్మారాలో, సబ్బుపొడి డబ్బా పక్కన ఉంటుంది. అందులో ప్రోగ్రాం రాసిన భాష ఇప్పుడు నాకూ దానికీ తప్ప ఎవరికీ రాదు. ఈమధ్య నాకూ సగమే వస్తోంది.

"దానికి అల్మారా, నా దుప్పట్లకి బకెట్టా?" అనేది నా భార్య నోలా.

అక్క ఐల్సాకి మోకాలి ఆపరేషనని నోలా సముద్రం దాటి ఇన్వర్కార్గిల్ వెళ్ళింది. మోకాలు నయమైంది. నడిచింది, బజారుకెళ్ళింది, డాన్సుకి కూడా వెళ్ళింది. నోలా మాత్రం రాలేదు.

నేను టీ పెట్టినప్పుడల్లా చెయ్యి అలవాటుకొద్దీ రెండు కప్పులు తీస్తుంది. రెండోది ఉత్తినే కడిగి బోర్లిస్తాను.

చివరికి ఫోను చేశాను.

"ఎలా ఉందోయ్ మీ అక్క మోకాలు?"

"నాకన్నా బాగా మెట్లెక్కుతోంది. నువ్వో?"

"రాజాలా ఉన్నా."

"ఏం తిన్నావు?"

"చీజ్ రోల్స్."

"నిన్న?"

"అవే. రెండో వైపు నుంచి చుట్టా."

నవ్వింది. రమ్మని అడగాల్సిన క్షణం అదే. ఆ చిన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి, పడవ రద్దయిన ప్రయాణికుడిలా పెట్టె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"సరే, ఆ సర్వర్ పెట్టె ఉతుకుల గదిలోంచి బయటికి పోయిన రోజు చెప్పు. నేను లోపలికి వస్తా" అంది.

"అదా? ఎప్పుడో పోయింది! మొత్తం క్లౌడ్‌లో పెట్టేశా."

అవతలి రేవు పేరు బ్లఫ్. నేను కొట్టిందీ అదే.

"క్లౌడ్‌లోనా? అయితే క్యూ పెట్టావా?" అంది నోలా.

నేను ఫోను చెవి మార్చాను. నాకు తెలిసిన క్యూ చేపల కొట్టు ముందుండేదే.

"పె... పెట్టా."

"కబురు అందకపోతే మళ్ళీ పంపుతుందా?"

"పంపకేం?"

"అందిన కబురునే మళ్ళీ మళ్ళీ పంపకుండా కట్టడి చేశావా?"

"నోలా! ఈ మాటలన్నీ నీకెవరు నేర్పారు?"

"ఇక్కడ లైబ్రరీలో క్లాసు పెట్టారులే. నేనూ ఐల్సా వెళ్తున్నాం. భలే ఉంది. మంగళవారం మళ్ళీ ఉంది."

"మంగళవారం దాకా ఉంటావా?"

"నీకేం, రాజావి" అని పెట్టేసింది.

ఇక కొట్టిన బ్లఫ్‌ని ఆవిడ వచ్చేలోగా నిజం చెయ్యాలి. క్లౌడంటే ఎక్కడో ఉన్న ఎవరివో పెద్ద కంప్యూటర్లు అద్దెకి తీసుకోవడం. ఏడాది పొడుగునా మబ్బుల కింద బతికేవాడికి అదో లెక్కా అనుకుని కూర్చున్నాను. ఈ కొత్త విద్యలో ఒకటి నేర్చుకుని టీ కలుపుకొచ్చేలోగా అది పాతదైపోతోంది. ప్రోగ్రాంని కంటైనర్‌లో పెట్టాలన్నారు. రేవులో ఇనప కంటైనర్లున్నాయి కదాని గోర్డన్‌ని అడిగాను.

"బరువెంత?" అన్నాడు.

"బరువేం లేదయ్యా."

"బరువే లేనిదానికి కంటైనరెందుకోయ్?"

కంటైనరంటే ప్రోగ్రాంని కట్టే మూటేనని ఇంటికొచ్చి చదివాక తెలిసింది.

ఎలాగో ఎక్కించాను. పరీక్షగా ఏదో ఒక మాట కొట్టి, నా ఒక్కడి ఫోనుకి పంపుకుని చూడాలి. తెలివైనవాళ్ళు 'టెస్ట్' అని కొడతారు. నా వేళ్ళు ఏం కొట్టాయో అద్దాలు తుడుచుకున్నాక గానీ చూడలేదు. ఈలోగా దీవి దీవంతా టింగుమంది. పాత జాబితాలోని పేర్లన్నీ అలాగే కొత్తదాంట్లోకి ఎక్కించేశానన్నమాట.

'పడవ కబురు: నోలా, ఇంటికి రా. రెండో కప్పు ఊరికే కడుగుతున్నాను.'

ఊపిరి పీల్చేలోగా మళ్ళీ టింగ్. మళ్ళీ. కబురు అందిందని గుర్తుపెట్టుకోవడం నేను దానికి నేర్పలేదు. అందలేదనుకుని పాపం అది పంపుతూనే ఉంది.

ఉతుకుల గదికి పరిగెత్తి గోడలోంచి తీగ పీకాను. ఆగలేదు. ఆగదు, కొత్తది అద్దె కంప్యూటర్లో ఉందిగా! దాని తీగ ఏ దేశంలో, ఏ గోడలో ఉందో నాకేం తెలుసు?

కొట్టు నడిపే వెర్నా గుమ్మంలోకొచ్చింది. "మంగో, కడగడం అంత సరదాగా ఉంటే నా కప్పులూ ఉన్నాయి, రా."

వెనకే గోర్డన్. "పడవ పోతుందా పోదా అని అడగాల్సింది పోయి, నోలా వస్తుందా రాదా అని పందాలు కాస్తున్నారయ్యా జనం!"

దీవిలోని ప్రతివాడూ నోలాకి విడిగా కబురు పెట్టాడట. 'వచ్చెయ్ తల్లీ, మా ఫోన్లు చచ్చిపోతున్నాయి.' నేను బతిమాలలేదన్నానే, నిజమే. ఊరంతా నా తరఫున బతిమాలింది.

నా ఫోను మోగింది. నోలా.

"ఏమిటిది మంగో?"

"టెస్టు."

"అయితే ఉత్తదేనా?"

గుమ్మంలో వెర్నా, గోర్డన్ ఓ అడుగు లోపలికి వేశారు.

"ఉత్తది కాదు" అన్నాను.

"అయితే చెప్పు."

"పొద్దుట్నించీ చెబుతూనే ఉన్నాగదే!"

"అది మిషన్ చెప్పింది. నువ్వు చెప్పు."

"ఇంటికి రా, నోలా."

అవతల టకటకా ఏవో మీటలు నొక్కిన చప్పుడు. దీవి మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"ఆపేశా. పాస్‌వర్డ్‌గా నా పేరు పెట్టుకుంటే ఎవరు తెరవలేరు? పెట్టె ఇంకా ఉతుకుల గదిలోనే ఉందని కూడా మొదటి క్లాసులోనే చూసేశా."

"మరి పెట్టె పోయిందని నేనన్నప్పుడే అబద్ధమని తిట్టొచ్చుగా!"

"తిడితే పెట్టె తీసేవాడివి. రమ్మని మాత్రం అనేవాడివి కాదు."

ఆ సాయంత్రం పడవకే నోలా దిగింది. రేవు నిండా జనం. గోర్డన్ పడవ కూత ఆపలేదు. ఇప్పుడు ఆ అల్మారాలో దుప్పట్లున్నాయి. పడవ కబురు ఆవిడే చూసుకుంటుంది, నేను టీ పెడతాను. రెండు కప్పులూ మురికవుతాయి.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: ఆ సాయంత్రం. మధ్యాహ్నానికే గాలి తిరిగింది. గోర్డన్ సముద్రం వైపు చూసి, నా వైపు చూడకుండా, "పోదు" అన్నాడు. నోలా మర్నాడొచ్చింది. కానీ ఆ రోజు బ్లఫ్ రేవులో సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి, పాత పెట్టెకి మళ్ళీ తీగ తగిలించి, 'ఈ రోజు పడవ లేదు' అని నా వేలితో నేనే నొక్కి పంపాను.

ఆ కబురు మాత్రం ఒక్కసారే వెళ్ళింది. వెంటనే అందింది.